కుడివైపు జేబు

కుట్టుపని నేర్చుకుంటున్న పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని మొన్న మా వీధి చివర శిక్షణ కేంద్రం వాళ్ళు పిలిచినారు. సరేప్పా అని పోయినాను. నాకంటే ముందు ఒక పెద్దమనిషి మాట్లాడినాడు. పాతబట్ట పారెయ్యకూడదంట, మళ్ళీ మళ్ళీ వాడాలంట, దానికి ఇంగ్లీషులో బారెడు పేరు ఒకటి ఉండాదంట, పై దేశాల్లో ఇప్పుడిప్పుడే కనిపెడుతున్నారంట. పిల్లలు నోరు తెరుచుకుని రాసుకుంటా ఉండారు. నేను ఆయన చొక్కానే చూస్తా కూర్చున్నాను. పొద్దున్నే పెట్టెలోంచి తీసిన కొత్త చొక్కా. కాలరు కింద అట్టముక్క కూడా ఇంకా తియ్యలే. నా వంతు వచ్చేసరికి కాఫీ వచ్చె, అందరూ లేచిపోయిరి. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తాండాను. చదివితే చదవండి, లేదంటే మీరూ కాఫీ తాగిరాపోండి.

నా పేరు మునస్వామి. తాతల కాలం నుంచి బెంగళూరే మాది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కంటోన్మెంటులో వచ్చీరాని ఇంగ్లీషు, తిట్టేకి మాత్రం మూడూ కలిపి. నా పని కోట్లు తిప్పడం. కుట్టడం కాదప్పా, తిప్పడం.

పంతొమ్మిదివందల యాభైల్లో, అరవైల్లో కోటు అంటే మనిషి చాలాకాలానికి ఒకసారి కుట్టించుకునే వస్తువు. కింద పంచె, పైన కోటు, నెత్తిన పేటా తలపాగా, అదే గుమాస్తా వేషం. ఎండకీ వానకీ కుర్చీకీ రుద్దుకుని పైరంగు పోతుంది. లోపలివైపు గుడ్డ మాత్రం కొన్ననాడు ఎట్లుందో అట్లే ఉంటుంది. అందుకని కోటుని కుట్టు కుట్టూ విప్పి, ముక్కలు చేసి, దుమ్ము దులిపి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, లోపలిది బయటికి వచ్చేటట్టు మళ్ళీ కుట్టాల. కొత్తకోటు కుట్టేవానికేం, కొత్త గుడ్డ తాను విప్పి కత్తెర పెడితే సగం పని అయిపోయినట్టే. తిప్పేవాడు ఇంకొకడు కోసినదాన్ని, మరొకడు పాడుచేసినదాన్ని, వేలెడు గుడ్డ కూడా అదనంగా లేకుండా మళ్ళీ కోటు అనిపించాల. అయినా కొత్తకోటు వాణ్ణి మాస్టరు అనిరి, నన్ను "ఏయ్ పాతకోట్లు" అని పిలిచిరి.

ముందు వాకిలి, వెనక వాకిలి

మా షాపు కమర్షియల్ స్ట్రీటుకి ఆనుకుని ఉండేది. యజమాని సుబ్బయ్య శెట్టిగారు. ముందు వాకిట్లో నిలువెత్తు అద్దం, టేకు బీరువాలు, సూటు వేసిన చెక్కబొమ్మ. వెనక వాకిలి మురికికాలువ ఉన్న సందులోకి తెరుచుకునేది. రెంటికీ నడుమ ఒక దళసరి తెర. ఆ తెర దాటి వెనకవాళ్ళు ముందుకి రాకూడదని శెట్టిగారి ఆజ్ఞ. నేనూ, చిరుగులు కనపడకుండా రఫూ చేసే హుసేన్ సాబూ ఆ తెర వెనకే మా కాలం గడిపినాం.

ముందు వాకిట్లో కారు దిగి దర్జాగా లోపలికి వచ్చే పెద్దమనిషే, వెనక వాకిట్లోకి చంకలో పేపరు చుట్టిన మూటతో వచ్చేవాడు. వచ్చి అటూ ఇటూ చూసి, "ఇది మా బావమరిది కోటు. తిప్పిపెట్టాల" అనేవాడు. నేను కొలతలు తీస్తే ఆ బావమరిది పొట్టా ఈయన పొట్టా ఒకటే. ఊళ్ళో అంతమంది బావమరదులు చలికి కోటు లేకుండా తిరుగుతా ఉండారని అప్పటిదాకా నాకు తెలియదు. కొందరు స్వయంగా రాకుండా బంట్రోతుని పంపేవాళ్ళు. ఆ బంట్రోతు ముఖం మాత్రం హాయిగా ఉండేది, పాపం వానికి దాచుకునేకి ఏమీ లేదు.

శెట్టిగారు చెడ్డమనిషి కాదు. కాని ముందు వాకిట్లో నిలబడితే ఆయన నాలుక మారిపోయేది. "మా షాపులో పాతబట్టకి జాగానే లేదు సార్" అనేవాడు. నిజం చెప్పాలంటే ముందు వాకిట్లో అద్దం తుడిచే పని ఎక్కువ, కుట్టే పని తక్కువ. నెలనెలా మా అందరి సంబళాలూ వెనక వాకిట్లోంచే వచ్చేవి. ఆ మాట ఎత్తితే శెట్టిగారికి వెంటనే దగ్గు వచ్చేది.

పిల్లలకి ఒక తప్పు సంగతి కూడా చెప్పాల. ఒకసారి పెళ్ళి బ్యాండుమేళం నాయకుడు ఎర్ర మఖమల్ కోటు తెచ్చినాడు. నేను వద్దన్నాను. మఖమల్‌కి నునుపంతా పైనే, లోపలివైపు ఏమీ ఉండదు. శెట్టిగారు వినలే. "గుడ్డ గుడ్డే కదప్పా, తిప్పు" అనె. తిప్పినాను. కోటు అచ్చం రంగు వేసిన గోనెసంచి మాదిరి తయారయ్యె. ఆ నాయకుడు వేసుకుని చూసి, "ఏందయ్యా ఇది, గొరిగినట్టుండాది?" అని లబలబలాడినాడు. శెట్టిగారు తొణకకుండా, "బొంబాయిలో ఇప్పుడు ఇదే ఫ్యాషన్" అనె. పాపం ఆయన నమ్మి పెళ్ళి ఊరేగింపుకి వేసుకుని పోయినాడు. పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం బెదిరిందని తర్వాత చెప్పుకున్నారు. అది కల్పించిందే అయ్యుంటుంది, కాని ఆ కోటు చూసిన నాకు గుర్రం మీద తప్పు కనపడలే. కాబట్టి ముందు గుడ్డ లోపలివైపు చూడండి, తర్వాత ఒప్పుకోండి. యజమాని ఎంత మొత్తుకున్నా సరే.

దాగనిది ఒకటే

కోటు తిప్పితే ఎడమది కుడి అవుతుంది, కుడిది ఎడమ అవుతుంది. కాజాలు అటువైపు పోతాయి. వాటిని మూసి, పైన గుండీలు కుట్టి దాచేస్తాం. అరిగిన మోచేతికి లోపల అతుకు వేస్తాం. కాలరు మీద పువ్వు గుచ్చుకునే రంధ్రం కూడా అటు పోతుంది కాని దాన్ని ఎవరూ పట్టించుకోరు. దాగనిది పైజేబు ఒకటే. ఎడమ రొమ్ము మీద ఉండాల్సింది కుడి రొమ్ము మీదికి వచ్చి కూర్చుంటుంది. అది గుడ్డని కోసి పెట్టిన జేబు. కుట్టు విప్పితే పోయే రకం కాదు.

దాన్ని మాయం చేసేకి మా దగ్గర హుసేన్ సాబు ఒక్కడే. కోటు లోపలి మడతల్లోంచి అదే గుడ్డ దారాలు ఒక్కొక్కటే లాగి, వాటితో ఆ కోతని మళ్ళీ నేసి పూడ్చేవాడు. ఆయన పూడ్చిన చోటు వేలు పెట్టి తడిమినా తెలిసేది కాదు. అప్పుడు ఎడమవైపు కొత్త జేబు పెట్టేవాణ్ణి. కాని ఒక జేబు పూడ్చేకి సాబుకి వారం పట్టేది. కాబట్టి ఆ భాగ్యం కొందరికే. మిగతావాళ్ళు కుడివైపు జేబుతోనే పోయేవాళ్ళు.

ఊళ్ళో ఎంతమంది అట్ల తిరిగినారో! ఆఫీసుల్లో, కోర్టుల్లో, పెళ్ళిపందిళ్ళలో, యాడ చూసినా కుడివైపు జేబులే. చూసినవాడు చూడనట్టు పోవడమే మర్యాద. అడగకూడదు, నవ్వకూడదు. వాని ఇంట్లో కూడా అట్లాంటిది ఒకటి తగిలించి ఉంటుంది మరి. ఇంత చక్కని మర్యాద ఎవరు పెట్టిరో తెలియదు కాని, ఊరంతా పాటించె. ఒక్కడు తప్ప.

ఆ ఒక్కడు ఒక ఆఫీసుకి పెద్ద. ఆఫీసు పేరు చెప్పను, వాళ్ళ మనవళ్ళు మంచివాళ్ళే అయ్యుండొచ్చు. మేము ఆయన్ని దొడ్డసాహెబు అనుకునేవాళ్ళం. ఊరు వదిలిపోయిన ఒక ఇంగ్లీషు దొర సామాను వేలంలో ఆయన రెండు కోట్లు కొనుక్కున్నాడు, ఒకటి బూడిదరంగు, ఒకటి నీలం. బయట మాత్రం లండన్ నుంచి గుడ్డ తెప్పించి కుట్టించుకున్నానని చెప్పుకునేవాడు. బూడిద కోటు రంగు పోతే బంట్రోతు చేత వెనక వాకిలికి పంపినాడు. జేబు మాయం చెయ్యాల, ఎడమవైపు కొత్తది పెట్టాల, ఫలానారోజు పెద్ద కూటం ఉంది కాబట్టి ఆలోగా ఇయ్యాల, ఇవీ ఆయన హుకుములు. హుసేన్ సాబు ఆ పనిలో మునిగి ఉండగానే నాగరాజు వచ్చినాడు.

నాగరాజు కోటు

దేవనహళ్ళి నుంచి వచ్చినాడు. సన్నగా, పొడుగ్గా, చెప్పుల నిండా దుమ్ముతో. వానికి ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. మూట దాచుకోకుండా కోటు చేతిమీద వేసుకునే వచ్చినాడు. మా వెనక వాకిట్లో అట్లా వచ్చిన మొదటి మనిషి వాడే.

"అన్నా, ఇది మా నాయనది. తిప్పేకి అవుతుందా?"

చూసినాను. మంచి ఉన్ని గుడ్డ. భుజాల మీద మాత్రం రంగు అంతా ఎగిరిపోయింది.

"మీ నాయన ఏం చేస్తాడప్పా?"

"బడిపంతులన్నా. ఇప్పుడు కండ్లు సరిగ్గా కనపడవు, పని వదిలేసినాడు. నాకు ఇక్కడ గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉండాది. ఇది రాకపోతే మా తమ్ముణ్ణి బడి మాన్పించి యాడన్నా పనికి పెట్టాల. వాడు నాకంటే బాగా చదువుతాడన్నా."

"ఇంటర్వ్యూ ఎప్పుడు?"

"ఎల్లుండి."

తిప్పడం నాకు పెద్ద పని కాదు. జేబే పని. హుసేన్ సాబు వైపు చూసినాను. ఆయన బూడిద కోటు మీదినుంచి తల ఎత్తకుండానే, "నడిమిట్ల వదిలితే దారాలన్నీ ఊడొస్తాయి భాయ్. ఇది పెద్ద సాహెబుది. మాలిక్ శెట్టిగారు నా తల తీస్తాడు" అనె.

నాగరాజుకి విషయం చెప్పినాను. వాడు కోటు రొమ్ము మీద వేలు పెట్టి, "జేబు కుడివైపు ఉంటే ఏమవుతాదన్నా?" అనె.

"ఏమీ కాదప్పా. ఊర్లో సగంమందికి అట్లే ఉండాది. ఎవరూ అడగరు."

నాకు ఆ నమ్మకం నిజంగానే ఉండె. అంతవరకూ ఎవరూ ఎవర్నీ అడిగినట్టు నేను వినలే. ఆ కోటు మనసు పెట్టి తిప్పినాను. లోపలినుంచి ముదురు కాఫీరంగు కొత్తగా బయటపడింది. వాడు వేసుకుని మురిసిపోతా పోయినాడు. అదేరోజు సాయంత్రం బూడిద కోటు కూడా తయారై బంట్రోతు వెంట పోయింది.

ఇంటర్వ్యూ అయినరోజు మధ్యాహ్నం వాడు వెనక వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూలబడినాడు. కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఉండాడు.

"ఏమాయెనప్పా?"

"మొదట బాగానే అడిగిరన్నా. లెక్కలు చెప్తిని. ఇంగ్లీషులో ఉత్తరం రాయమంటే రాస్తిని. బాగుందనిరి. అప్పుడు నడిమిట్ల కూర్చున్న పెద్దాయన నా కోటు చూసి, 'ఏమయ్యా, నీ గుండె కుడివైపు ఉండాదా?' అనె. అందరూ నవ్విరి."

"నువ్వేమంటివి?"

"తిప్పించిన కోటు సార్, మా నాయనది అంటిని. ఆయన కాగితం పక్కన పెట్టేసె. 'ఈ ఆఫీసుకి నలుగురు పెద్దలు వచ్చిపోతా ఉంటారు. పాతగుడ్డలు ఏరుకునేవాళ్ళ మాదిరి ఉంటే మాకు మర్యాద కాదు' అనె. పోయిరమ్మనె."

"ఎవడప్పా వాడు? ఎట్లుంటాడు?"

"బట్టతల. బూడిదరంగు కోటు. ఎడమవైపు జేబులో పట్టు రుమాలు."

హుసేన్ సాబు సూది కింద పెట్టేసినాడు. ఆయన వారంరోజులు కండ్లు చిట్లించి పూడ్చిన కోటు అది. ఆ కోటు జేబు మాయం చెయ్యడంలో తీరిక లేకనే ఈ పిల్లవాని జేబు అట్లే ఉండిపోయింది. అది వేసుకుని పోయి కూర్చుని వాడు వీని జేబు మీద నవ్వినాడు. నాకు ఒళ్ళు మండిపోయె. నాగరాజుకి మాత్రం ఆ సంగతి చెప్పలే. వాడు తమ్ముని పేరు ఒకసారి తలుచుకుని, కోటు మడిచి చంకలో పెట్టుకుని బస్సు కోసం పోయినాడు.

శిక్షణ కేంద్రంలో ఆ పెద్దమనిషి పాతబట్ట చెత్తలో పారెయ్యొద్దని చాలా చెప్పినాడు గదా. గుడ్డ చెత్త అయ్యేది చిరిగితే కాదప్పా. చిరిగితే కుట్టొచ్చు, వెలిస్తే తిప్పొచ్చు. దాన్ని వేసుకున్నవాణ్ణి చూసి ఇంకొకడు నవ్వినప్పుడు అది చెత్త అవుతుంది. నా ఉద్యోగకాలంలో చిరిగి పారేసిన కోట్లకంటే సిగ్గుపడి పారేసిన కోట్లే ఎక్కువ చూసినాను.

నీలం కోటు

చలికాలం వచ్చింది. దొడ్డసాహెబు బంట్రోతు మళ్ళీ మూటతో దిగినాడు. ఈసారి నీలం కోటు. "జేబు పోయినసారి మాదిరే చెయ్యాలంట" అనె. "దానికేంలేప్పా, పో" అని పంపించినాను.

"సాబ్" అన్నాను హుసేన్ సాబుతో, "ఈ కోటు జేబు నువ్వు ముట్టుకోవద్దు."

"నా పేరు పోతుంది భాయ్."

"నీ పేరు ఎవనికి తెలుసు? నీ పని కనపడదు, నువ్వూ కనపడవు."

ఆయన నవ్వినాడు. కాసేపు ఆ నీలం గుడ్డని వేళ్ళతో రుద్దుతా కూర్చుని, "మాలిక్ అడిగితే నాకు ఈ వారం కండ్లు బాగలేవని చెప్పు" అని కోటు నా వైపు తోసేసినాడు.

నేను నా పనిలో ఏ లోటూ చెయ్యలే. అంత బాగా ఏ కోటూ తిప్పలేదేమో. జేబుని మాత్రం దాని పాటికి దాన్ని వదిలేసినాను. నున్నగా ఇస్త్రీ చేసి, ఎడమభాగం పైకి వచ్చేటట్టు మడిచి, పేపరులో చుట్టి ఇచ్చినాను.

వేసుకునేటప్పుడు చూసుకోడా అంటారేమో. ఇక్కడే ఉండాది తమాషా. తిప్పిన కోటు అద్దంలో సరిగ్గానే కనపడుతుంది. మామూలు కోటు వేసుకుని మన ఎదురుగా నిలబడినవాని జేబు మనకి ఏ పక్కన కనపడుతుందో, అద్దంలో అదే పక్కన కనపడుతుంది. తన్ను తాను అద్దంలో తప్ప ఎదుటివాని కండ్లతో ఎప్పుడూ చూసుకోనివాడు అదే సరి అనుకుంటాడు. దొడ్డసాహెబు అద్దం ముందర చాలాసేపే నిలబడి ఉంటాడని నా లెక్క.

ఆరోజు వాళ్ళ ఆఫీసులో ఏదో సన్మానం. పువ్వు గుచ్చేకి వచ్చిన చిన్నపాప ఎడమ కాలరు మీద రంధ్రం వెతికి వెతికి, "సార్, ఇక్కడ లేదు, అటుపక్క ఉండాది" అని అందరి ముందరా గట్టిగా అనిందంట. అందరూ చూసిరి, పైజేబు కూడా అటుపక్కే. ఆయనా వంగి చూసుకునె.

సన్మానం నుంచి సూటిగా మా షాపుకే వచ్చినాడు. కోపంలో మనిషికి వాకిళ్ళు గుర్తుండవు. వెనక వాకిలికి రావాల్సినవాడు ముందు వాకిట్లోకి దూసుకొచ్చె. అది పెళ్ళిళ్ళ కాలం, షాపు నిండా జనం. రిటైరైన ఒక జడ్జిగారు అద్దం ముందర చేతులు చాపి నిలబడి ఉండాడు, శెట్టిగారే స్వయంగా కొలతలు తీస్తా ఉండాడు. నేను తెర సందులోంచి చూస్తా ఉండాను.

"శెట్టీ! ఏందయ్యా ఇది? జేబు యాడుండాది చూడు! పోయినసారి బూడిద కోటు తిప్పినప్పుడు జేబు కనపడకుండా చేసిరి గదా! ఈసారి ఏం రోగం?"

ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఆయనకే చెవిన పడినట్టుంది, ముఖం మాడిపోయె. జడ్జిగారు చాపిన చేతులు దించకుండానే మెల్లగా తల తిప్పినాడు.

"ఏమప్పా, ఆ బూడిద కోటు లండన్ గుడ్డతో కొత్తగా కుట్టించింది అంటివే. అది కూడా తిప్పిందేనా?"

"అది... మా బావమరిది..." అని ఏదో గొణిగె. ఆ బావమరిది ఇక్కడ కూడా వచ్చినందుకు నాకు తెర వెనక నవ్వు ఆగలే.

శెట్టిగారు తెర లాగి, "మునస్వామీ! రాప్పా ఇట్ల!" అని అరిచె. ఆ తెర దాటి నేను ముందుకి పోవడం అదే మొదలు.

"ఏందిది?" అనె దొడ్డసాహెబు, జేబు మీద వేలు పెట్టి.

"కోటు తిప్పితే జేబు కుడివైపు వస్తాది సార్. మీ ఆఫీసుకి ఒక పిల్లవాడు అట్లాంటి కోటే వేసుకోని ఉద్యోగానికి వచ్చె. నీ గుండె కుడివైపు ఉండాదా అని మీరు అడిగితిరంట. పాపం వానికి జవాబు తెలియలే. మీకు తెలిసుంటాదని ఇట్ల పెడితిమి."

జడ్జిగారు నవ్విన నవ్వుకి ఆయన ఛాతీ కొలత మళ్ళీ తియ్యాల్సి వచ్చె. దొడ్డసాహెబు కోటు విప్పి బల్ల మీదికి విసిరేసి, చొక్కాతో చలిలోకి పోయినాడు. ఆయన కారు కదిలిందాకా శెట్టిగారు ఊపిరి తియ్యలే. కదిలినాక నా వైపు తిరిగి, "రేపట్నించి నీ మొహం చూపించొద్దు" అనె. నా కత్తెర తీసుకుని ఇంటికి పోయినాను. భార్యకి చెప్తే తిట్టింది, తర్వాత ఆ పువ్వు సంగతి ఇంకొకసారి చెప్పమనింది.

రెండోరోజే శెట్టిగారు మా ఇంటి వాకిట్లో నిలబడి ఉండాడు. "కోపంలో ఏదో అంటినప్పా. రా, పని పడి ఉండాది." ఏం జరిగిందంటే, జడ్జిగారు తన పాత నల్లకోటు పేపరు చుట్టకుండా చేతిమీద వేసుకుని ముందు వాకిట్లోంచే వచ్చి, "దీన్ని కూడా తిప్పు శెట్టీ" అన్నాడంట. ఆయన వెంట ఇంకొందరు. అంత పెద్ద సాహెబే తిప్పించుకుంటా ఉంటే మనకేం అని ఊరికి ధైర్యం వచ్చేసింది. శెట్టిగారు తెర పీకేయించె. అంతవరకూ పాతబట్ట అంటే దగ్గే మనిషి, "మా షాపులో గుడ్డని పారెయ్యము సార్, అది మా పద్ధతి" అని ఉపన్యాసాలు మొదలుపెట్టె. ఆ రోజుల్లో ఇంగ్లీషులో ఆ బారెడు పేరు ఎవరైనా చెప్పుంటే బోర్డు మీద రాయించుకునేవాడే.

కొక్కేనికి తగిలించిన కోటు

కొన్నాళ్ళకి నాగరాజు బెంగళూరు వచ్చినాడు, ఇంకో ఆఫీసులో అర్జీ ఇచ్చేకి, ఇంటర్వ్యూ ఇంకా పదిరోజులుందని. నేను వాణ్ణి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పినాను, చేతులు తిప్పి, గొంతు మార్చి మరీ. పువ్వు దగ్గర కొంచెం నవ్వినాడు. తర్వాత అడిగినాడు.

"మంచిదే అన్నా. దాన్నించి నాకు ఆ ఉద్యోగం ఏమన్నా వస్తాదా?"

ఊరు నవ్వుకుంది, శెట్టిగారికి పని పెరిగింది, నాకు కడుపు చల్లబడింది. వాని తమ్ముడు మాత్రం బడి మానేసి దేవనహళ్ళిలో అంగట్లో మూటలు ఎత్తుతా ఉండాడంట.

"మీ నాయన కోటు యాడ?" అని అడిగె హుసేన్ సాబు. "తే, ఈసారి ఆ జేబు సంగతి నేను చూస్తా."

"చలికి ఆయన అదే కప్పుకోని పడుకొని ఉండాడు సాబ్. అడిగేకి మనసు రాలే."

నీలం కోటు ఇంకా మా గోడకి కొక్కేనికి వేలాడతా ఉండె. శెట్టిగారు కబురు పంపితే దొడ్డసాహెబు బంట్రోతుతో, "ఆ కోటు మాది కాదు" అని చెప్పి పంపినాడు. మాది కాదు అన్నాడు కాబట్టి ఎవరిదీ కాదు. హుసేన్ సాబు లేచి పోయి కొక్కెం మీదినుంచి తీసి, దీపం దగ్గరికి తెచ్చి కూర్చున్నాడు. మళ్ళీ వారం. కుడివైపు జేబు మాయమయ్యె. నేను భుజాలు లోపలికి తీసి, నడుము కుదించి, ఎడమవైపు జేబు పెట్టినాను. నాగరాజు వేసుకుంటే వానికోసం కుట్టినట్టే ఉండె.

ఇంటర్వ్యూ అయిన మర్నాడే కోటు మడత కూడా నలగకుండా వెనక్కి వచ్చింది. వాడే తెచ్చి కొక్కేనికి తగిలించి బస్సుకి పోయినాడు.

ఆ సంగతి ఎట్లో సందులో పాకింది. ఆ పక్క ఈ పక్క ఉద్యోగాలకి తిరిగే పిల్లలు వచ్చి, "అన్నా, ఆ నీలం కోటు ఒక్కరోజు ఇస్తారా?" అనేవాళ్ళు. ఉద్యోగం వస్తే ఉంచుకోండి, రాకపోతే తెచ్చియ్యండి అని ఇచ్చేవాణ్ణి. కొలతలకి సరిపోకపోతే పిన్నులు పెట్టి సరిచేసేవాణ్ణి. మర్నాడు వాళ్ళు తలవంచుకుని తెచ్చి కొక్కేనికి తగిలించి పోయేవాళ్ళు. కోటు తిరిగి వచ్చిందంటే ఉద్యోగం రానట్టే. కొక్కెం మీద ఆ నీలం కనపడితే నాకు పొద్దున్నే బేజారు అయిపోయేది.

నాగరాజు ఇంకొకసారి వచ్చి తీసుకుని పోయినాడు. మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే పని అంట. "ఇదే కడాసారి అన్నా. కాకపోతే నేనూ మూటలు ఎత్తేకి పోతా" అనె.

మర్నాడు కోటు రాలే. ఆ మర్నాడూ రాలే. హుసేన్ సాబు నమాజు కాగానే వచ్చి మొదట గోడవైపే చూసేవాడు. నేను కత్తెరకి నూనె వేసుకుంటా కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆయన ఎప్పటికంటే ముందుగానే, రొప్పుతా వచ్చినాడు. శివాజీనగర్ బస్సు స్టాండులో వాణ్ణి చూసినాడంట. నీలం కోటు, చేతిలో టిఫిన్ క్యారియరు, పక్కన పుస్తకాల సంచీతో అచ్చం వాని పోలికే ఉన్న ఒక చిన్నవాడు. పిలిచేలోపే ఇద్దరూ బస్సెక్కి పోయినారంట.

అప్పుడే శెట్టిగారు లోపలికి వచ్చి గోడ చూసినాడు.

"మునస్వామీ, ఆ నీలం కోటు యాడప్పా? కొక్కెం ఖాళీగా ఉండాదే? ఎంత మంచి గుడ్డ అది!"

హుసేన్ సాబు నా ముఖం చూసినాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చె.

"పనికి పోయింది శెట్టిగారూ" అన్నాను. "ఇంక రాదు."